రంగు వేయకముందే చూపించండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పాత తెరచాప పడవల తనిఖీ గురించే ఉన్నందున, మిగిలిన విషయాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఆ ప్రశ్నలకే ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు 1986లో కట్టించిన 30 అడుగుల తెరచాప పడవ ఆరేళ్లుగా మా కొబ్బరితోటలో పాక కింద ఉంది. అడుగు మద్ది, పై పలకలు టేకు. వెనుక చిన్న ఇంజను బిగించి, ఇంటివాళ్లతోను, అప్పుడప్పుడు వచ్చే అతిథులతోను గౌతమి పాయలో తిరగాలని నా కోరిక. దానికి సర్వే చేయించాలని చెప్పారు. పెయింటరు మాత్రం ముందు లప్పం పెట్టి రెండు కోటింగులు వేస్తే చూడవచ్చినవారికి మంచి అభిప్రాయం కలుగుతుందంటున్నాడు. అతని మాట వినవచ్చునా? అసలు ఏమేమి చూస్తారు?
— ఒక పాఠకుడు, తాళ్లరేవు మండలం

జవాబు: వినవద్దు. రంగు వేయించడం తప్పు కాదు, కాని దాని వంతు చిట్టచివరిది. మన ఊళ్లలో సర్వేయరు అనగానే గొలుసు పట్టుకుని పొలం కొలిచే మనిషి గుర్తుకు వస్తాడు. పడవల సర్వేయరు కొలతలు తీసుకునేది నిజమే అయినా, ఆయన అసలు పని పలకల లోపల ఏముందో తెలుసుకోవడం. లప్పం, రంగు ఆ పనికి అడ్డు.

చాలా ఏళ్ల క్రితం నేను కూడా ఇటువంటి సలహానే విని, మా పాత పడవకు ఆకుపచ్చ రంగు నిగనిగలాడేలా వేయించి తనిఖీకి పిలిచాను. వచ్చినాయన సంచిలోంచి చిన్న సుత్తి తీసి, నీటి గీతకు జానెడు పైన, పడవ ముందు నుంచి వెనుకకు తట్టుకుంటూ నడిచారు. ఏడెనిమిది అడుగుల దాకా ఖంగుమన్న శబ్దమే వచ్చింది. ఆ తరువాత ఒకచోట దెబ్బ మొద్దుబారింది. ఆయన ఏమీ అనకుండా అక్కడ సన్నని మొనగల పనిముట్టు ఆనించి బొటనవేలితో నొక్కితే, అది నా కళ్లముందే పిడి దాకా దిగిపోయింది. వ్యవహారం ఆ ఒక్క పలకతో ఆగలేదు. కొత్త రంగు కింద ఇంకేమి ఉందోనన్న అనుమానంతో ఆయన మొత్తం రంగు గీకించి మళ్లీ పిలవమన్నారు. రంగు ఖర్చు, గీకుడు కూలి, పోయిన రెండు నెలలు, అన్నీ నా ఖాతాలోనే పడ్డాయి.

ఆ సుత్తి పరీక్షను మీరే ముందుగా చేసుకోవచ్చు. కొబ్బరికాయను వేలితో తట్టి లోపల నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పగలిగిన కోనసీమవారికి ఇది కొత్త విద్య కాదు. పడవ అడుగున పరిచిన చెక్కలన్నీ తీసివేయండి. మూలల్లో పేరుకున్న మట్టిని, పాత నూనెను కడిగి, మంచినీటితో తుడిచి, నీడలోనే ఆరనివ్వండి. ఎర్రటి ఎండలో పెడితే ఎండిన పలక చీలుతుంది. తరువాత తడుతూ, అనుమానం వచ్చిన ప్రతిచోటా సుద్దతో సున్నా చుట్టండి.

చెక్క పుచ్చడం గురించి మనవారిలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. నీటిలో మునిగి ఉండే అడుగుభాగమే ముందు చెడుతుందని అనుకుంటారు. నిజానికి చెక్కను కుళ్లబెట్టే బూజుకు తేమతోపాటు గాలి కూడా కావాలి. ఎప్పుడూ నీటిలో నానుతూ ఉండే కొయ్యకు గాలి అందదు, పైగా ఉప్పునీరు ఆ బూజుకు గిట్టదు. అందువల్ల పడవ పుచ్చేది సాధారణంగా వాన నీరు చేరి, తడిని ఆరబెట్టేంత గాలి వీచక, తేమ నిలిచే చోట. మత్స్యకారులు అణియం అనే ముందు భాగంలో పలకలు కలిసే ఇరుకు మూల, అమరం అనే వెనుక భాగంలో పై చెక్క కింద, అడ్డ బల్లలు పక్క పలకలను తాకే చోటు, అన్నింటికంటే ముఖ్యంగా తెరచాప కొయ్య పాదం దిగే గుంట, ఈ నాలుగు చోట్లా దీపం పెట్టి వెతకండి. మీ పడవ పాక కింద ఉన్నది కనుక పాక ఎక్కడ కారిందో గుర్తు చేసుకుంటే సగం పని తీరుతుంది.

అడుగుభాగానికి ఉన్న శత్రువు వేరు. కోరంగి మడ అడవుల కాలువల వంటి ఉప్పు కలిసిన నీటిలో, చెక్కను తొలుచుకుంటూ పోయే ఓడపురుగు ఉంటుంది. అది ప్రవేశించే రంధ్రం గుండుసూది మొనంత. లోపల తవ్వే సొరంగం వేలు పట్టేంత కావచ్చు, దాని గోడలకు సున్నం పూసినట్లు తెల్లటి పొర ఉంటుంది. పైనుంచి పలక నున్నగానే కనిపిస్తుంది, తడితే మాత్రం డొల్ల శబ్దం వస్తుంది. ఈ పురుగు మంచినీటిలో ఎక్కువ కాలం బతకలేదు. అందుకే ధవళేశ్వరం కాలువలలో తిరిగిన పడవలకు లేని బాధ యానాం దిగువన తిరిగిన పడవలకు ఉంటుంది. మీ నాన్నగారు దీన్ని ఎక్కడ కట్టేసేవారో పెద్దవారిని అడిగి సర్వేయరుకు చెప్పడం మంచిది. ఇటువంటి సమాచారాన్ని దాచినవారికంటే చెప్పినవారినే వారు ఎక్కువగా నమ్ముతారు.

ఇక మేకులు. ఇనుప మేకు చుట్టూ చెక్క నల్లగా మారి, వేలి గోటికి మెత్తగా తగిలితే, మేకు లోపల సన్నబడి ఉంటుంది. తల చూస్తే బాగానే ఉంటుంది, నడుము మాత్రం పెన్సిలు ములుకులా తరిగిపోతుంది. ముందు, నడుమ, వెనుక భాగాలలో ఒక్కొక్క మేకును వడ్రంగి చేత పెరికించి, వాటిని పారవేయకుండా ఒక కాగితంలో చుట్టి, ఏది ఎక్కడిదో రాసిపెట్టండి. సర్వేయరు అడగబోయేది అదే. పాత రంధ్రంలోనే కొత్త మేకు కొట్టకూడదని మీ వడ్రంగికి నేను చెప్పనవసరం లేదు. 1839 తుఫానులో పక్కనున్న కోరంగి రేవు దెబ్బతిన్నా, పడవ కట్టే పని మీ తాళ్లరేవులో నిలిచే ఉంది కదా.

ఆరేళ్లు ఎండిన పడవకు పలకల సందులు విచ్చుకుంటాయి. అక్కడ చాలామంది చేసే తప్పు ఏమిటంటే, ఆ సందులన్నింటిలో పీచును బలంగా దిగ్గొట్టి, పైన గుగ్గిలం, నూనె కలిపి పూసి, గట్టిపడిందని సంతోషించడం. పడవ నీటిలో దిగిన తరువాత చెక్క ఉబ్బుతుంది. కూరిన పీచుకు చోటు చాలక పలక బయటికి తన్నుకుని, మేకులను లాగేస్తుంది, లోపలి వంపు కొయ్యలనైనా విరిచేస్తుంది. ఊడిపోయిన పాత పీచు స్థానంలో మాత్రమే కొత్తది కూరి, పడవను లోతు తక్కువ నీటిలో కట్టి, లోపల కూడా కొంత నీరు పోసి, నాలుగైదు రోజులు నానబెట్టాలి. మొదటి రోజు జల్లెడలా కారుతుంది. చూసి కంగారుపడవద్దు, సర్వేయరును మాత్రం ఆ రోజు పిలవవద్దు. నానిన తరువాత కూడా ఆగని కారడమే నిజమైన కారడం.

పైన ఫైబరు పూత వేయిస్తే ఈ బాధలన్నీ తీరతాయని మీకు తప్పక ఎవరో ఒకరు చెబుతారు. కొత్త చెక్కకు, బాగా ఆరిన చెక్కకు అది పనికిరావచ్చు. నలభై ఏళ్ల పలకలకు నేను ఒప్పుకోను: లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, పూత కింద చెక్క నానిన అటుకులలా తయారైనా ఎవరికీ కనబడదు.

తెరచాప సామగ్రి గురించి రెండు మాటలు. చాప గుడ్డకంటే కుట్టు దారం ముందు చెడుతుంది, ఎండ దానికి ప్రధాన కారణం. గోటితో కుట్టును గీరితే దారం పొడిగా తెగిందంటే మళ్లీ కుట్టించాలి. కొబ్బరి తాడు ఉప్పునీటికి ఓర్చుతుంది, నీటిపై తేలుతుంది, కాని అంతే మందం గల నైలాను తాడు మోసే బరువును మోయలేదు. ఉక్కు తీగ తాళ్లు ఉంటే ఒక గుడ్డ ముక్కతో తుడుచుకుంటూ పోండి, తెగిన పోగు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. వట్టి చేతితో ఈ పని చేయవద్దు. చుక్కాని వేలాడే కొక్కేలను ఊడదీసి, అరిగిన మందం చూడండి.

మీరు ఇంజను బిగించాలనుకుంటున్నారు కనుక కాగితాల సంగతి కూడా చెప్పాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం లోతట్టు నీటిలో నడిచే ఇంజను పడవకు సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషను ఉండాలి. నడిపేవారి అర్హత, బీమా విషయాలు కూడా అందులో ఉన్నాయి. ఆ పత్రం నది వరకే. మొగ దాటి సముద్రంలోకి వెళ్లడానికి అది చెల్లదు. కోరంగి అభయారణ్యం కాలువలలోకి అతిథులను తీసుకువెళ్లదలిస్తే అటవీ శాఖ అనుమతిని వేరుగా పొందాలి.

ప్రశ్న: మాది 20 అడుగుల పడవ. తెరచాప, గెడ, తెడ్లు తప్ప ఇంజను లేదు. సరదాకు మాత్రమే తిప్పుతాము. మాకు కూడా సర్వే కావాలా?
— ఓడలరేవు

జవాబు: ఇంజను లేని పడవలకు అదే చట్టంలో వేరే అధ్యాయం ఉంది, వాటి నమోదు, అజమాయిషీ విషయంలో స్థానిక సంస్థలకు పాత్ర ఇచ్చారు. కాబట్టి ముందుగా మీ పంచాయతీలో అడగండి. అవసరానికి ఉంటుందని ఒక చిన్న ఇంజనును గోనెపట్టాలో చుట్టి పడవలో పెట్టుకునే అలవాటు ఉంటే మాత్రం ఇంజను లేదని చెప్పుకోవద్దు. అంతర్జాతీయ నౌకా నియమాలలో కూడా, చాప ఎత్తి ఉన్నప్పటికీ ఇంజను నడుస్తున్నంతసేపు ఆ పడవను ఇంజను పడవగానే లెక్కిస్తారు.

రాత్రి తిరుగుతారో లేదో మీరు రాయలేదు. తెరచాప పడవకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనుక తెలుపు దీపాలు ఉండాలని ఆ నియమాలు చెబుతాయి. 7 మీటర్లకంటే చిన్న తెరచాప పడవకు ఆ దీపాలు అమర్చడం వీలుకాకపోతే, ఎదురుపడే పడవకు సమయానికి చూపేందుకు తెల్లని వెలుగు ఇచ్చే టార్చి సిద్ధంగా ఉన్నా చాలు. మీ పడవ 20 అడుగులు, అంటే 6 మీటర్ల పైచిలుకే, కనుక ఈ వెసులుబాటు మీకు వర్తిస్తుంది. మనుషులను, బండ్లను నది దాటించే పంటు వచ్చే దారిలో మాత్రం ఆ టార్చిని తెరచాప మీదికి వేయండి; నీటి మీద వేసిన వెలుగుకంటే గుడ్డ మీద వేసినది దూరానికి కనిపిస్తుంది.

ప్రశ్న: లైఫ్ జాకెట్లు తక్కువ ధరకు పాతవి ఇరవై దొరికాయి. పైకి బాగానే ఉన్నాయి. తనిఖీలో ఒప్పుకుంటారా?
— సఖినేటిపల్లి

జవాబు: పైకి బాగుండడం ఇక్కడ కూడా ఆధారం కాదు. ప్రతి జాకెట్టునూ చేతులతో నలిపి చూడండి. లోపలి నురగ దిమ్మ నొక్కినచోట గుంటపడి తిరిగి లేవకపోతే, పొడిపొడిగా రాలుతున్నట్లు తగిలితే, దాన్ని పక్కన పెట్టండి. నడుము పట్టీని, మెడ దగ్గరి కుట్టును ఇద్దరు చెరొకవైపు పట్టి లాగండి. బకిల్స్ అన్నీ పడాలి, విడాలి. ఈల ఉందో లేదో, రాత్రి వెలుగు పడితే మెరిసే పట్టీలు ఉన్నాయో లేదో చూడండి.

తరువాత నీటి పరీక్ష. సముద్ర ఓడలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 24 గంటలు మంచినీటిలో ముంచి ఉంచిన తరువాత జాకెట్టు తేలే శక్తి 5 శాతానికి మించి తగ్గకూడదు. వేసుకున్న పెద్దమనిషి అలసి ఒళ్లు వదిలేసినా నోరు నీటికి బాగా పైన నిలవాలి. నది పడవకు ఏ రకం జాకెట్టు కావాలో సర్వేయరు చెబుతారు కాని, ఈ కొలతలు మనసులో ఉంటే మంచికీ చెడుకూ తేడా తెలుస్తుంది. ఒక చిన్న సంచెడు ఇసుకను జాకెట్టుకు కట్టి చెరువులో వేసి, తేలింది కదా అని తృప్తిపడేవారిని చూశాను. ఇసుక సంచికి ముక్కు, నోరు ఉండవు. ఈత వచ్చినవారు ఒకరు మొలలోతు నీటిలో వేసుకుని, వెల్లకిలా వాలి చూడాలి, పక్కన ఇద్దరు నిలబడి ఉండాలి.

పిల్లలకు పిల్లల జాకెట్లే కావాలి. పెద్దది వేస్తే చంకల్లోంచి జారి, జాకెట్టు పైకి, బిడ్డ కిందికి పోతారు. జాకెట్లను మూటకట్టి తాళం వేసిన పెట్టెలో పెట్టి, లెక్క సరిపోయిందని చూపించే అలవాటు మన రేవులలో ఉంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక పడవ మునిగిన దుర్ఘటన తరువాత కూడా ఈ మాట రాయవలసి రావడం నాకు బాధగా ఉంది.

ప్రశ్న: మా పాత తెరచాప పడవ మీద ఇనుప గొట్టాలతో చిన్న మేడ కట్టించి, పైన పదిమంది కూర్చునే బల్లలు వేయించాము. చెక్క, మేకులు, ఇంజను అన్నీ బాగున్నాయన్నారు. కాని నిలకడ లేదని రాసి వెనక్కి పంపారు. ఇదే పడవలో మా తాత బస్తాలకు బస్తాల కొబ్బరికాయలు మోశాడు. పదిమందికి నిలకడ లేదనడం కక్షసాధింపు కాదా?
— దిండి

జవాబు: మీ కోపం అర్థమైంది కాని, తప్పు ఆ కార్యాలయానిది కాదు. మీ తాతగారు కొబ్బరికాయలను పడవ అడుగున పోశారు, మీరు మనుషులను నెత్తిన కూర్చోబెట్టారు. లెక్క చూడండి. ఒక ప్రయాణికుణ్ణి 75 కిలోలుగా లెక్కిస్తారు, అంటే మన ధాన్యం బస్తా అంత. పదిమంది 750 కిలోలు. మనుషులతో సహా పడవ మొత్తం బరువు 4 టన్నులు అనుకుందాం. కింద కూర్చోవలసిన ఆ పదిమంది ఒకటిన్నర మీటరు పైకి ఎక్కితే, పడవ మొత్తపు గురుత్వ కేంద్రం 28 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. మీ పడవ వంటి చిన్న పడవకు అది చాలా పెద్ద మార్పు. దానికి తోడు ఆ పదిమంది బస్తాలవలె పెట్టినచోట ఉండరు, డాల్ఫినో కొంగో కనబడితే అందరూ ఒక్కసారి ఒకవైపుకే వస్తారు. అడుగున నాలుగు వేళ్ల నీరు ఉంటే అది కూడా వాళ్లతోపాటు అదే వైపుకు పారి, వంపును పెంచుతుంది.

మేడ తీసివేయడమే నా సలహా. తీసిన తరువాత పడవను గాలి లేని పొద్దున్న, మొలలోతు నీటిలో, తాళ్లు వదులుగా కట్టి, మీరే ఒక పరీక్ష చేయవచ్చు. కూర్చునే బల్లల ఎత్తులోనే, మనిషికి ఒకటి చొప్పున ధాన్యం బస్తాలు పేర్చండి. అడుగున పేర్చితే నిలకడ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి మిమ్మల్నే మోసం చేస్తుంది. నడుమ ఒక మీటరు దారానికి తాపీమేస్త్రీ తూకం గుండు కట్టి వేలాడదీసి, దాని కింద అడ్డంగా ఒక స్కేలు పెట్టండి. బస్తాలలో మూడింట రెండు వంతులను ఒకవైపుకు జరిపినప్పుడు గుండు 12 సెంటీమీటర్లు జరిగితే పడవ దాదాపు 7 డిగ్రీలు ఒరిగినట్లు. అప్పుడు ఒరిగినవైపు అంచు నీటికి ఎంత ఎత్తున మిగిలిందో కొలిచి రాసుకోండి. ఈ కాగితాన్ని సర్వేయరుకు చూపితే మాట నడుస్తుంది. తాతగారి కొబ్బరికాయల కథతో నడవదు.

మరొక చిన్న విషయం కూడా ఉంది. మీరు వశిష్ఠ దిగువన ఉప్పునీటిలో కొలిచిన గీతకు, రాజమహేంద్రవరం దగ్గర మంచినీటిలో కొలిచిన గీతకు తేడా వస్తుంది. సముద్రపు నీరు ఘనమీటరుకు 1,025 కిలోలు, మంచినీరు 1,000 కిలోలు. అందువల్ల మంచినీటిలో పడవ కాస్త ఎక్కువగా దిగుతుంది. 4 టన్నుల పడవకు అది ఒక సెంటీమీటరుకు లోపే. భయపడవలసినది కాదు కాని, మీ కొలతకు, వారి కొలతకు తేడా వచ్చినప్పుడు పోట్లాటకు దిగకుండా ఉండటానికి తెలిసి ఉండాలి.

వంట గ్యాసు సిలిండరును అడుగు చెక్కల కింద పెట్టామని మీ ఉత్తరం చివర రాశారు. దాన్ని ఈ రోజే తీసివేయండి. ఆ గ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, పడవ అడుగున నీరులా చేరి, ఇంజను నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. సిలిండరు ఉంటే గింటే బయట, లీకైన గ్యాసు నదిలోకి జారిపోయే ఏర్పాటుతో ఉండాలి.

ప్రశ్న: సర్వేకు ఏ నెలలో పిలిస్తే మంచిది?
— ఆత్రేయపురం

జవాబు: వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత. నీరు తగ్గగానే పడవ కాలువ అడుగునే కూర్చుంటుంది కనుక ఒడ్డుకు లాగే ఖర్చు ఉండదు, అడుగుభాగం అంతా కంటికి కనిపిస్తుంది, వడ్రంగులు కూడా దొరుకుతారు. కాలువలకు నీరు వదిలే తేదీ తెలుసుకుని, దానికి కనీసం మూడు వారాల ముందు సుత్తి పరీక్ష, మేకుల పని, పీచు పని పూర్తిచేసుకోండి. కాలువ ఎండిన రోజుల్లోనే సర్వేయరుకు అడుగుభాగం చూపించి, నీరు వచ్చి పలకలు నానిన తరువాత కారడం, నిలకడ చూడటానికి రెండోసారి రమ్మని ముందే మాట తీసుకోండి. జూలై దాకా సాగదీస్తే గోదావరికి వరద వస్తుంది; ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగిరిన రోజుల్లో పాయలోకి పడవ దించి చూపించమని ఎవరూ అడగరు, మీరు అడిగినా రారు. రంగు డబ్బాలు మాత్రం రెండో తనిఖీ అయి కాగితం చేతికి వచ్చిన తరువాతనే కొనండి.